ఆమ్లంలో కలిసిన లోహాలను విడదీసే విద్య

ఆవకాయ జాడీ మూత తీసిన ప్రతి ఇల్లాలూ చూచే సంగతి ఒకటి ఉన్నది. కలిపిన మూడవనాటికి నూనె పైకి తేలుతుంది. ఆ నూనె ఎర్రగా నిగనిగలాడుతుంది. అడుగున ఊట ఉంటుంది. అది ఉప్పగా, పుల్లగా ఉంటుంది. మిరపపొడిలోని ఎరుపు నూనెతో పోయింది. ఉప్పూ పులుపూ నీటితో ఉండిపోయినవి. ఎవరూ కూర్చుండి ఏరలేదు. ఏ సరుకు ఏ ద్రవంలో ఇముడుతుందో ఆ ద్రవాన్ని తానే చేరుకొన్నది.

ఇంతమాత్రపు సూత్రాన్ని పట్టుకొని నేడు లోకంలో యురేనియం, జిర్కోనియం, రాగి, కోబాల్టు, నికెలు వంటి లోహాలను శుద్ధి చేస్తున్నారు. లోహాలకూ అలోహాలకూ నడుమ నిలిచే ఆర్సెనికు, జెర్మేనియం వంటి అర్ధలోహాలను కూడా ఇదే దారిన వేరుచేస్తున్నారు. పాఠ్యపుస్తకాలలో దీని పేరు ద్రావణి నిష్కర్షణ. ‘సాల్వెంటు’ అనగానే మనవారికి వేరుసెనగ చెక్కలో మిగిలిన నూనెను పిండే మిల్లు గుర్తుకు వస్తుంది. అక్కడ ఘనపదార్థంలోని నూనెను ద్రవం లాగుతుంది. ఇక్కడ ఒక ద్రవంలో కరిగి ఉన్న లోహాన్ని మరొక ద్రవం లాగుతుంది. తేడా అంతే.

ధర్మపురిలో కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ విద్యతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. ఈ విద్యకు మన దేశంలో పెద్ద కార్యస్థానాలలో ఒకటి హైదరాబాదు. అక్కడ తయారైన సరుకు తిరిగి మన తమిళనాటికే వచ్చి విద్యుత్తు ఇస్తున్నది. అంతేకాదు, మన జిల్లాలోని హరూరు వైపు రాళ్లలో కూడా ఒక లోహం దాగి ఉన్నది. రేపు దానిని తీసే మాట వచ్చిననాడు మనం ఏమి అడుగవలెనో తెలియవలెనంటే, ఈ విద్య ఎట్లా సాగుతుందో ముందుగా కొంత తెలిసి ఉండవలెను.

విడదీయరాని కవలలు

దక్షిణాది సముద్రతీరపు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజం దొరుకుతుంది. కన్యాకుమారి జిల్లాలోని మణవాళకురిచ్చి, కేరళలోని చవర, ఒడిశాలోని ఛత్రపురం ఇందుకు పేరుపడినవి. 1950లో ఏర్పడిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఈ ఇసుకను వేరుచేస్తుంది. జిర్కాన్ అంటే జిర్కోనియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. 1789లో క్లాప్రోత్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు జిర్కోనియం ఉనికిని కనుగొన్నాడు.

అయితే జిర్కోనియం ఎక్కడ ఉంటే అక్కడ హాఫ్నియం అనే మరో లోహం కూడా ఉంటుంది. నూటికి సుమారు రెండు పాళ్లు. పరమాణువుల పరిమాణం దాదాపు ఒకటే. రసాయన గుణాలు దాదాపు ఒకటే. అందుచేతనే జిర్కోనియం దొరికిన తరువాత 134 ఏండ్ల వరకు దాని వెనుక రెండవది నిలిచి ఉన్నదని ఎవరికీ తెలియలేదు. 1923లో కోపెన్‌హేగెన్ నగరంలో కోస్టర్, హెవెసీ అనే ఇద్దరు ఎక్స్‌కిరణాల సాయంతో దానిని గుర్తించారు. ఆ నగరానికి లాటిను భాషలో హాఫ్నియా అని పేరు. లోహానికి అదే పేరు పెట్టారు.

రెండూ కలిసి ఉంటే నష్టమేమిటి? మామూలు పనులకు నష్టమేమీ లేదు. అణు విద్యుత్కేంద్రంలో మాత్రం అది ప్రాణంమీది సంగతి. అక్కడ యురేనియం ఇంధనాన్ని సన్నని లోహపు గొట్టాలలో పెడతారు. గొలుసుకట్టుగా సాగే చర్యను న్యూట్రాన్లు నడుపుతాయి. గొట్టం ఆ న్యూట్రాన్లను మింగకూడదు. జిర్కోనియం వాటిని చాలా స్వల్పంగా మాత్రమే మింగుతుంది. హాఫ్నియమో, పరమాణువుకు పరమాణువును పోల్చితే సుమారు 600 రెట్లు అధికంగా మింగుతుంది. అందుచేత 100 కిలోల జిర్కోనియంలో ఉండే 2 కిలోల హాఫ్నియాన్ని 10 గ్రాములకు మించకుండా తగ్గించవలెను. ఇంచుమించు ఒకే రూపమున్న కవలలను గుంపులో నుండి ఏరి పంపడం వంటి పని ఇది.

తొలి రోజులలో హెవెసీ మొదలైనవారు లవణాలను స్ఫటికాలుగా మార్చి, కరిగించి, మళ్లీ స్ఫటికాలుగా మార్చి, ఎన్నోసార్లు ఈ పని చేసి వేరుచేశారు. ప్రయోగశాలలో గ్రాముల లెక్కకు అది సరిపోయింది. టన్నుల లెక్కకు వేరు మార్గం కావలసి వచ్చింది.

నూనె చేసే పని

ఆ మార్గానికి పునాది పాతదే. 1842లో పెలిగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యురేనియం నైట్రేటు ఈథరులో కరుగుతుందని గమనించాడు. నూరేండ్ల తరువాత, 1942లో, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మాలిన్‌క్రాట్ కంపెనీవారు ఈథరుతోనే టన్నులకొద్దీ యురేనియం శుద్ధిచేశారు. ఈథరు నిప్పు సోకితే భగ్గున మండే ద్రవం. అందువల్ల యుద్ధానంతరం దాని స్థానంలో ట్రై బ్యూటైల్ ఫాస్ఫేటు అనే నూనె వంటి ద్రవం వాడుకలోకి వచ్చింది. దీనిని ఇకముందు టి.బి.పి. అందాము. చిక్కగా, దాదాపు నీటియంత బరువుగా ఉండే ఈ ద్రవాన్ని కిరసనాయిలు వంటి తేలిక నూనెతో పలుచన చేసి వాడతారు. అప్పుడది నీటిపై చక్కగా తేలుతుంది.

లోహం నీటిలో కరిగి ఉన్నప్పుడు నీటి అణువులు దాని చుట్టూ మూగి ఉంటాయి. ఆ వేషంతో అది నూనెలోకి పోలేదు. నత్రికామ్లం గాఢంగా ఉన్నప్పుడు నైట్రేటు భాగాలు లోహంతో జతకూడి దాని విద్యుదావేశాన్ని తీర్చివేస్తాయి. అటువంటి దానిని టి.బి.పి. అణువులు పట్టుకొని చుట్టూ నిలుస్తాయి. ఇప్పుడు పైకి కనబడేది నూనె వేషమే కాబట్టి నూనె దానిని తనలో చేర్చుకొంటుంది. ఆమ్లం పలుచబడితే ఈ జత విడిపోయి లోహం మళ్లీ నీటిలోకి దిగుతుంది. ఇంట తెలుగు, అంగట తమిళం మాట్లాడుకొనే మనకు ఇది అర్థం కానిదేమీ కాదు. మనిషి ఒకడే, చోటును బట్టి మాట మారుతుంది. మాట మార్చుకోగల లోహం అవతలికి దాటుతుంది. మార్చుకోలేనిది ఇవతలే నిలుస్తుంది.

జిర్కోనియం ఈ మార్పుకు సులువుగా లొంగుతుంది. హాఫ్నియం అంత సులువుగా లొంగదు. అనుకూలమైన ఆమ్లంలో ఈ రెంటి మధ్య తేడా పదిరెట్లకు దరిదాపుగా ఉంటుంది. ఒక్కసారి కలిపి తేర్చినంత మాత్రాన కవలలు పూర్తిగా విడిపోరు. కాని చిన్న తేడాను మళ్లీ మళ్లీ వినియోగించుకొంటే అదే పెద్ద తేడా అవుతుంది. ఈ విద్యలోని అసలు రహస్యం ఇక్కడనే ఉన్నది.

మూడు నీళ్ల లెక్క

సబ్బు పెట్టిన బట్టను ఒక పెద్ద తొట్టెడు నీళ్లలో ఒక్కసారి జాడించడం కంటే, అవే నీళ్లను మూడు పాళ్లు చేసి మూడుమారులు జాడిస్తే బట్ట శుభ్రపడుతుందని మన ఆడవారికి అనుభవంలో ఉన్న మాట. దీనికి లెక్క కూడా ఉన్నది.

ఒక లోహం సమానమైన నూనె, నీళ్లు ఉన్నప్పుడు నూనెలో మూడు వంతులు, నీటిలో ఒక వంతు చొప్పున పంచుకొంటుందని అనుకొందాము. ఒక లీటరు ఆమ్లద్రావణానికి ఒక లీటరు నూనె ఒకేసారి పోసి కలిపితే, నీటిలో నాలుగవ వంతు లోహం మిగిలిపోతుంది. అదే లీటరు నూనెను మూడు సమభాగాలు చేసి విడివిడిగా వాడితే, మొదటిసారి సగం మిగులుతుంది. రెండవసారి అందులో సగం. మూడవసారి దానిలో సగం. అంటే మొత్తంలో ఎనిమిదవ వంతు మాత్రమే మిగులుతుంది. నూనె అంతే, ఫలితం రెండింతలు.

కర్మాగారాలలో ఇంకొక మెట్టు పైకి వెళ్లారు. తొట్లను వరుసగా పెట్టి, నూనెను ఒక కొస నుండి, ఆమ్లాన్ని మరొక కొస నుండి ఎదురెదురుగా నడుపుతారు. కొత్త నూనెకు దాదాపు లోహం వదలిన ఆమ్లం ఎదురవుతుంది. చివరి జాడ కూడా తీసివేస్తుంది. లోహంతో నిండబోయే నూనెకు కొత్త ఆమ్లం ఎదురవుతుంది. పూర్తిగా నింపి పంపుతుంది. ప్రతి మెట్టులోను రెండు గదులు ఉంటాయి. ఒకదానిలో కవ్వం వంటి తెడ్డు తిరుగుతూ రెంటినీ చిలుకుతుంది. రెండవదానిలో కదలిక లేకుండా తేరుకొంటాయి.

నూనెతోపాటు కొంత హాఫ్నియం కూడా పైకి వచ్చి ఉంటుంది. దానిని వదిలించడానికి నూనెను శుభ్రమైన నత్రికామ్లంతో కడుగుతారు. హాఫ్నియం ఆమ్లంలోకి దిగుతుంది. జిర్కోనియం చాలామట్టుకు నూనెలోనే నిలుస్తుంది. ఆపైన జిర్కోనియాన్ని నీటి వైపునకు దించి, నూనెను మళ్లీ మొదటి తొట్టికి పంపుతారు. ఒకే నూనె అనేకసార్లు తిరిగి పనికి వస్తుంది.

ఇసుక వెళ్లి గొట్టమై వచ్చుట

1971లో హైదరాబాదు మౌలాలి ప్రాంతంలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఏర్పడినది. అక్కడ జిర్కాన్ ఇసుకను మొదట కాస్టిక్ సోడాతో కలిపి కరగబెడతారు. ఇసుకలోని సిలికా సోడియం సిలికేటుగా మారి నీటిలో కడిగితే పోతుంది. మిగిలినదానిని నత్రికామ్లంలో కరిగించి, ఇంతవరకు చెప్పిన తొట్ల వరుసలోకి పంపుతారు. శుద్ధమైన జిర్కోనియాన్ని అమ్మోనియాతో అవక్షేపంగా దించి, కాల్చి ఆక్సైడు చేస్తారు. దానిని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో చర్య జరిపితే స్పంజి వంటి లోహం వస్తుంది. దానిని తగరం మొదలైనవాటితో కరగించి మిశ్రమలోహం చేసి, గొట్టాలు లాగుతారు.

యురేనియం కూడా అక్కడ టి.బి.పి.తోనే శుద్ధి అవుతుంది. అంతకు ముందే 1959లో బొంబాయి దగ్గర ట్రాంబేలో మనవారు శుద్ధ యురేనియం లోహాన్ని తయారుచేశారు. 1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగిన పిదప కెనడా తన అణు సహకారాన్ని నిలిపివేసినది. అప్పటికే హైదరాబాదులో ఈ విద్య వేళ్లూనడం దేశానికి ఎంత మేలు చేసిందో వేరుగా చెప్పనక్కరలేదు.

చెంగల్పట్టు జిల్లా కల్పాక్కంలో మొదటి యంత్రం 1983లో పనిలోకి వచ్చింది. ఆ కేంద్రంలో వాడే ఇంధనపు కట్టలు, ఒక్కొక్కటి 19 గొట్టాలతో సుమారు అరమీటరు పొడవుండేవి, హైదరాబాదు నుండే వస్తాయి. 2009 నాటికి తూత్తుకుడి జిల్లా పళయకాయల్‌లో కూడా ఇదే సంస్థ జిర్కోనియం కర్మాగారం ఏర్పడినది. తీరపు ఇసుక తెలుగునాటికి వెళ్లి గొట్టమై తమిళనాటికి తిరిగివచ్చే ఈ ప్రయాణం రెండు నాళ్లకూ చెందిన మనకు ముచ్చట గొలుపుతుంది.

అన్నిచోట్లా ఆమ్లమే పనికి వస్తుందని అనుకోరాదు. కడప సీమలోని తుమ్మలపల్లె యురేనియం రాయిలో సున్నపు పాలు మెండు. ఆమ్లం పోస్తే సున్నమే దానిని తినివేస్తుంది. అందుచేత అక్కడ రాయి నుండి తీసే పని సోడా ద్రావణంతో జరుగుతుంది. ఆమ్లమూ టి.బి.పి.యీ తరువాతి శుద్ధిలో వస్తాయి.

అర్ధలోహాల వంతు

అర్ధలోహాల పాత్ర ఇందులో మూడు విధాలు. బోరాన్ న్యూట్రాన్లను విపరీతంగా మింగే పదార్థం. యురేనియంలో దాని జాడ కూడా ఉండరాదు. టి.బి.పి. యురేనియాన్ని తీసికొని బోరాన్‌ను నీటిలోనే వదలివేస్తుంది. ఇది వదిలించే పద్ధతి.

రెండవది సిలికాన్. సిలికా సరిగా పోకుండా ఆమ్లంలో మిగిలితే, నూనెకూ నీటికీ నడుమ జిగురువంటి తెట్టు కడుతుంది. అప్పుడు రెండూ తేరుకోవు. తొట్ల వరుస అంతా ఆగిపోతుంది. అందుకే ముందుగానే దానిని కడిగివేయడానికి అంత శ్రమ పడతారు.

మూడవది కోరి తీసే పద్ధతి. రాగిని శుద్ధిచేసే గంధకామ్లపు తొట్లలో ఆర్సెనికు, అంటే పాషాణం, పేరుకొంటుంది. విదేశాలలో కొన్ని రాగి కర్మాగారాలు దానిని టి.బి.పి.తోనే తీసివేస్తాయి. జెర్మేనియాన్ని జింకు కర్మాగారాల ఆమ్లద్రావణాల నుండి వేరే ద్రావణులతో తీస్తారు. కంటికి కనబడని పరారుణ కిరణాల కటకాలకు అది కావలెను. రాగి విషయంలో 1968లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు బ్లూబర్డ్ గనిలో మొదటిసారి పెద్ద ఎత్తున ఈ పద్ధతి వచ్చింది.

నేడు ఈ విద్యకు కొత్త పని దొరికింది. పాత సెల్‌ఫోన్ల, విద్యుత్ వాహనాల బ్యాటరీలను పొడిచేసి గంధకామ్లంలో కరిగిస్తే కోబాల్టు, నికెలు కలిసి వస్తాయి. వాటిని విడదీసేది కూడా ద్రావణి నిష్కర్షణమే. 2004 వరకు మన జిల్లాలోనిదే అయిన కృష్ణగిరి వైపు, పోచంపల్లి దగ్గర 2021లో విద్యుత్ స్కూటర్ల తయారీ మొదలయినది. ఆ బండ్ల బ్యాటరీలు ఒకనాటికి పాతబడక మానవు.

మిగిలిన నీటి సంగతి

ఇంతవరకు లాభపు పక్షం చెప్పాము. ఆఫీసులో జమాఖర్చులు వ్రాసే మా బోంట్లకు రెండవ పక్షం కూడా చూడనిదే పుస్తకం మూయడానికి మనసొప్పదు. ఈ విద్య దేనినీ మాయం చేయదు. కావలసినదానిని ఒక పక్కకు, అక్కరలేనిదానిని మరొక పక్కకు చేరుస్తుంది. లోపలికి వచ్చిన ప్రతి గ్రామూ ఏదో ఒక పద్దు కింద బయటికి రావలసిందే.

లోహం తీసిన తరువాత మిగిలే ఆమ్లజలాన్ని సున్నంతో చల్లార్చుతారు. చాలా లోహాలు అడుగున మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిని వానకు కరగని చోట దాచవలెను. నైట్రేట్లు మాత్రం సున్నానికి లొంగవు. నీటిలో కరిగే ఉంటాయి. అటువంటి నీరు భూమిలోకి ఇంకితే బావులకు చేరుతుంది. త్రాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశపు ప్రమాణం. అది మితిమీరితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలివర్ణం తిరుగుతుంది.

ప్రమాదం ఇంకొకటి కూడా ఉన్నది. టి.బి.పి.ని గాఢమైన నత్రికామ్లంతో కలిపి మితిమీరి వేడిచేస్తే ప్రేలుతుంది. 1953లో అమెరికాలోని సవానా రివర్‌లో, 1993 ఏప్రిల్ 6న రష్యాలోని తోమ్‌స్క్-7లో అట్లే జరిగింది. చల్లదనం, గాలి పోయే దారి, అప్రమత్తత — ఈ మూడూ లేనిచోట ఈ విద్య పనికిరాదు.

హరూరు వైపు చూచి

హరూరు–ఉత్తంగరై ప్రాంతపు రాళ్లలో మాలిబ్డినం ఖనిజం ఉన్నది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అక్కడ ఎంతోకాలంగా అన్వేషణ జరిపింది. ఉక్కుకు గట్టిదనం, వేడికి ఓర్పు ఇచ్చే లోహం ఇది. 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 30 కీలక ఖనిజాల పట్టికలో మాలిబ్డినం ఉన్నది. జిర్కోనియం, హాఫ్నియం, జెర్మేనియం కూడా ఉన్నవి.

మాలిబ్డినం ఖనిజాన్ని మొదట పొడిచేసి నురుగులో తేల్చి వేరుచేస్తారు, తరువాత కాల్చుతారు. కాల్చినప్పుడు గంధకపు వాయువు వస్తుంది. ఆ పైన శుద్ధికి అమీన్లు అనే ద్రావణులు ఆమ్లద్రావణం నుండి మాలిబ్డినాన్ని లాగగలవు. పని చేతనైనదే. దేశానికి అవసరమైనదే. మన పిల్లలకు ఉద్యోగాలూ రావచ్చును.

కాని మనది నీటి కష్టం ఎరిగిన జిల్లా. బావులలో ఫ్లోరైడు వల్ల పండ్లు గారకట్టినవారిని, ఎముకలు బిగిసి నడుము వంగినవారిని ఇక్కడ చూచాము. ఆ కష్టం తీర్చడానికి హొగేనకల్ నుండి కావేరీజలం తెచ్చే పథకం 2013లో అమలులోకి రావలసి వచ్చింది. ఆ దోషం రాతిలో పుట్టినది. ఎవరి తప్పూ కాదు. మనుష్యులు చేసే పని వల్ల మరొక దోషం దాని పక్కన చేరకూడదు. హరూరు వైపు నీరు వాలేది దక్షిణ పినాకినికే గదా!

కావున, రేపు ఎవరైనా ఇక్కడ గని గాని, బ్యాటరీలను కరిగించే కార్ఖానా గాని పెట్టదలచి ప్రజల అభిప్రాయం కోరితే, మనం వద్దని కేకలు వేయనక్కరలేదు; తలలూపి రానూ అక్కరలేదు. నాలుగు మాటలు అడుగవలెను. లోహం తీసిన ఆమ్లజలం ఏమవుతుంది? మడ్డిని ఎక్కడ, ఎన్నేండ్లు దాస్తారు? చుట్టుపట్ల బావుల నీటిని పని మొదలు పెట్టకముందే పరీక్షించి లెక్క వ్రాసి ఉంచుతారా? ఆ లెక్కను ఏటేటా ఊరివారికి తమిళంలోను తెలుగులోను తెలుపుతారా?

2 కిలోల హాఫ్నియాన్ని 10 గ్రాములకు దించగలిగినంత నేర్పు మన దేశంలో ఉన్నది. అంత నేర్పున్నవారికి బావినీటిని కాపాడటం చేతకాదని అనుకోవడానికి వీలులేదు. అడిగేవారు ఉండవలెను, అడగడానికి తెలిసి ఉండవలెను. రసాయనశాస్త్రం చదువుతున్న మన పిల్లలు ఈ సంగతులను ఇంట్లో పెద్దలకు విప్పి చెప్పగలిగితే, వారి చదువు ఊరికి అక్కరకు వచ్చినట్లే.